జాంబమ్మ బడి గోడలు

అనగనగా ఒక అడవిలో, కొండవాగు ఒడ్డున ఒక గుహ. ఆ గుహలోనే జంతువుల పిల్లలకు బడి. పాఠాలు చెప్పే పంతులమ్మ ఒక ఎలుగుబంటి. పేరు జాంబమ్మ. ఆమె పాఠం బాగానే చెప్పేది. అయినా పిల్లలు ఒక్కొక్కరే బడి మానేస్తున్నారు. ఆ బోసి గోడల మధ్య కూర్చోవాలంటే వాళ్లకు బుద్ధి పుట్టేది కాదు.

ఒకరోజు అడవి పెద్ద ఏనుగు నుంచి కబురు వచ్చింది. "పది రోజుల్లో వచ్చి చూస్తాను. పిల్లలకు ఇష్టం లేని బడి ఎందుకు? అప్పటికీ ఇలాగే ఉంటే గుహను దుమ్ములగొండ్లకు ఇచ్చేస్తాను."

ఆ మాట విని నెమలి వచ్చింది. "దిగులెందుకు పంతులమ్మా! గోడల నిండా నేను బొమ్మలు వేస్తాను. ఏనుగుగారు రెప్ప వేయకుండా చూస్తారు" అంది.

జాంబమ్మ సరే అనబోయింది. అంతలో గుహ బయట ముళ్లపంది పిల్ల ముత్యాలు కనిపించింది. రాలిన ముల్లుతో ఇసుకలో ఏదో గీస్తోంది. పంతులమ్మను చూడగానే గబగబా చెరిపేసింది.

"ఎందుకు చెరిపావు తల్లీ?"

"వంకరగా వచ్చింది పంతులమ్మా. చూస్తే నవ్వుతారు."

జాంబమ్మ మనసు చివుక్కుమంది. నెమలి వైపు తిరిగి, "నీ బొమ్మలు అందమైనవే. కానీ ఈ గోడలు పిల్లలవి. వాళ్లే నింపుతారు" అంది గట్టిగా.

"వంకర గీతలతోనా! పరువు పోతే ఆనక నన్ననకు" అని నెమలి వెళ్లిపోయింది.

మర్నాడు జాంబమ్మ మోదుగాకులు, ఎర్రమట్టి, బొగ్గు తెచ్చి పిల్లలకిచ్చింది. వాళ్లు ఆకుల మీద గీసినవీ రాసినవీ తుమ్మజిగురుతో గోడకు అంటించింది. తన ఎత్తులో కాదు, కుందేలు పిల్లకు కనబడే ఎత్తులో. ఒక్కో ఆకు కింద గీసినవాళ్ల పేరు రాసింది. ఆ సంగతి విని, బడి మానేసిన ముంగిస పిల్ల "నా ఆకేదీ?" అంటూ తిరిగొచ్చింది. కుందేలు పిల్ల తన రాతలో తప్పు తానే చూసుకుని, ఇంకో ఆకు అడిగి సరిగ్గా రాసింది. ముత్యాలు మాత్రం నాలుగు రోజులు ఆకు ముట్టుకోలేదు. ఐదో రోజున వాగు పటం గీసి, మెల్లగా పంతులమ్మ చేతిలో పెట్టింది.

పదో రోజున ఏనుగు వచ్చింది. పిల్లలు తొండం పట్టుకుని లోపలికి లాక్కెళ్లారు. "తాతా, ఇది నాది!" "కాదు, ముందు నాది చూడు!"

ఏనుగు ముత్యాలు పటం దగ్గర ఆగింది. "ఈ నల్లటి సున్నా ఏమిటమ్మా?"

ముత్యాలు దగ్గరికొచ్చి సున్నా మీద వేలు పెట్టింది. "అక్కడ సుడి ఉంది తాతా. పైకి తెలియదు. తేలుతూ వచ్చిన ఆకులన్నీ అక్కడే మునిగిపోతాయి. నేను రోజూ చూస్తాను. ఇదిగో, ఇటు దాటితే మోకాలి లోతే."

ఏనుగు ఉలిక్కిపడింది. పోయిన వానాకాలంలో తన మనవడు మునగబోయింది సరిగ్గా అక్కడే.

"ఏళ్ల తరబడి నీళ్లు తాగుతున్న మాకే తెలియదే ఇది!" అంది. "జాంబమ్మా, నీ బడి ఇక్కడే ఉంటుంది. తల్లీ, ఈ పటం మా మందకు ఇస్తావా?"

"మీకు ఇంకోటి గీసిస్తాను తాతా" అంది ముత్యాలు తలెత్తి. "ఇది మాత్రం గోడ మీదే ఉండాలి."

నీతి: పిల్లల పనికి గోడ మీద చోటిస్తే, పిల్లలు బడికి మనసులో చోటిస్తారు.