ఎవరిస్తో నుదురు, నజారియో బంతి

నూరేళ్ల కిందటి మాట. ఇటలీ దేశంలో, వరి పండే పొంతెరీజో అనే చిన్న పట్టణంలో ఎవరిస్తో అనే ఫుట్‌బాల్ ఆటగాడు ఉండేవాడు. ఆటలో అతనికి సాటి లేరు, అనుమానంలో అసలే లేరు.

మంగలి కత్తి నూరుతుంటే కుర్చీలోంచి లేచిపోయేవాడు. హోటల్లో సూపు పోస్తే పక్కవాడి గిన్నెతో మార్చుకునేవాడు. ఎక్కడైనా ఇద్దరు మెల్లగా మాట్లాడుకుంటే, అది తన గురించేనని తేల్చేసుకునేవాడు. అయినా పదిహేడేళ్లకే జట్టులో చేరి, ఏడేళ్లలో ఎనభై గోల్స్ కొట్టాడు. వాటిలో సగం తలతో కొట్టినవే.

ఆ రోజుల్లో బంతి తోలుది. దాని మీది చీలికను తోలు తాడుతో, బూటు లేసు బిగించినట్టు బిగించేవారు. వానకు తడిస్తే ఆ తాడు ఉబ్బి, తలతో కొట్టేవాడి నుదురు చీల్చేది.

ఎవరిస్తో తల మీదికి బంతిని పంపేవాడు నజారియో. వారమంతా బూట్లు కుట్టేవాడు, ఆదివారం కుడి అంచున ఆడేవాడు. మంచివాడే గానీ, నోరు విప్పి నాలుగు మాటలు చెప్పమంటే ప్రాణం మీదికి వచ్చేది. మైదానం మూల నుంచి కార్నర్ కిక్ కొట్టే ముందు అతను మోకాలి మీద కూర్చుని, బంతిని రెండు చేతులతో అటూ ఇటూ తిప్పి, తృప్తి కలిగాకే నేల మీద పెట్టేవాడు.

ఒక ఆదివారం నజారియో కొట్టిన బంతి తాడు తగిలి ఎవరిస్తో నుదురు చిట్లింది. అప్పటి నుంచి ఎవరిస్తో అతని చేతుల మీదే కన్నేసి ఉంచాడు. అదిగో, బంతి తిప్పుతున్నాడు! వేలితో తాడును తడుముతున్నాడు! మళ్లీ తిప్పుతున్నాడు!

‘నా నుదుటికే గురి చూస్తున్నాడన్నమాట’ అనుకుని పళ్లు నూరాడు.

అంతలో ఒక ఉత్తరం వచ్చింది. దేశం జట్టును ఎంపిక చేసే పెద్దలు వచ్చే ఆదివారం ఎవరిస్తో ఆట చూడటానికి వస్తున్నారు. చిన్నప్పటి నుంచీ అతను కలలు కన్నది ఆ జట్టులోకి పిలుపు కోసమే. ఇంకొకరైతే ఎగిరి గంతేసేవారు. ఎవరిస్తోకి మాత్రం నజారియో గుర్తొచ్చి ఒళ్లు మండింది. తిన్నగా కెప్టెన్ ఒత్తావియో దగ్గరికి వెళ్లాడు.

"ఆదివారం నజారియో ఆడకూడదు" అన్నాడు.

"ఏం, వాడేం చేశాడు?"

"కావాలనే తాడు నా వైపు తిప్పుతున్నాడు. నన్ను పిలుస్తారని కడుపుమంట."

"ఏడేళ్ల నుంచి కలిసి ఆడుతున్నారు. ఆ మాటేదో వాణ్ణే అడగరాదూ?"

"అడిగితే ఒప్పుకుంటాడా? వాడైనా ఉండాలి, నేనైనా ఉండాలి. తేల్చుకో!"

కెప్టెన్ తల పట్టుకున్నాడు. చివరికి నజారియోను పక్కన పెట్టి, ఫెర్రుచ్చో అనే కొత్తవాణ్ణి తీసుకున్నాడు.

ఆదివారం తెల్లవారినప్పటి నుంచీ వాన. ఆట మొదలయ్యే ముందు నజారియో తడుస్తూనే వచ్చి ఫెర్రుచ్చో భుజం తట్టాడు. "కార్నర్ కొట్టేటప్పుడు బంతి ఎలా పెట్టాలంటే..." అని ఏదో చెప్పబోయాడు.

ఎవరిస్తో మధ్యలోకి దూరాడు. "నీ పాఠాలేం అక్కర్లేదు. వీడికి కూడా నేర్పుతున్నావా? పో ఇక్కణ్ణుంచి!"

నజారియో ముఖం చిన్నబోయింది. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

ఆట మొదలైన పావుగంటకు కార్నర్ దొరికింది. ఫెర్రుచ్చో బంతిని మూలన పడేసి ఒక్క తన్ను తన్నాడు. ఎవరిస్తో హాయిగా, ఏ అనుమానమూ లేకుండా ఎగిరి తలతో కొట్టాడు. గోల్! పెద్దలు లేచి చప్పట్లు కొట్టారు. కానీ ఎవరిస్తో లేవలేదు. తాడు ఎడమ కంటి మీద తగిలి, ముఖమంతా రక్తం.

"ఆ కంటికి ఇక చూపు రాదు. ఆట మానుకో నాయనా" అన్నాడు డాక్టరు.

కట్టు కట్టించుకుంటూనే ఎవరిస్తో ఫెర్రుచ్చో మీద విరుచుకుపడ్డాడు. "నువ్వూ తాడు నా వైపే తిప్పావా?"

"తిప్పడమేమిటి? నేను దాని వైపు చూడనే లేదు. పడేశాను, తన్నాను. నజారియో ఏదో చెప్పబోతే నువ్వే కదా తరిమేశావు!"

మర్నాడు ఎవరిస్తో నజారియో బూట్ల కొట్టుకు వెళ్లాడు. నజారియో చేతిలోని బూటు కింద పెట్టి, ఆ కట్టు వైపు చూసి కన్నీళ్లు పెట్టుకున్నాడు.

"నేను తోలు పనివాణ్ణి. ఆ తాడు ఎలా కోస్తుందో నాకు తెలుసు. అందుకే అది నీ నుదుటికి తగలకుండా అవతలి వైపుకు తిప్పి పెట్టేవాణ్ణి. ఒకసారి గాలిలో తిరిగి తగిలింది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు."

"ఏడేళ్లూ తిప్పావా?"

"కొట్టిన ప్రతిసారీ."

ఇరవై నాలుగేళ్లకే ఎవరిస్తో ఆట ముగిసింది. దేశం జట్టులోకి పిలుపు వేరొకరికి వెళ్లింది.

నీతి: అనుమానం వస్తే ఎదుటివాణ్ణి ఒక్క మాట అడగాలి, అడగకుండానే తీర్పు చెప్పేవాడు తనను కాపాడే చేతినే దూరం చేసుకుంటాడు.