రెండో చరణంలో ఆగే చోటు

మునెయ్య తత్వాన్ని ఎవరో ఎత్తుకుపోయారు.

మునెయ్య మాధవరంలో మగ్గం నేస్తాడు. పన్నెండేళ్లుగా ఓబులమ్మవ్వ దగ్గర తత్వాలు నేర్చుకుంటున్నాడు. పోయినేడు తనే ఒక తత్వం కట్టి, పాడి, యూట్యూబులో పెట్టాడు. తత్వాలు కట్టేవాళ్ల ఆనవాయితీ ప్రకారం చివరి చరణంలో 'మాధవరం మునెయ్య మాట' అని తన పేరు చేర్చుకున్నాడు. ప్రొద్దుటూరు దిక్కున ఒకాయన అది విని, తన గొంతుతో పాడి, ఆ చివరి చరణం కోసేసి, కింద తన పేరు వేసుకున్నాడు. మునెయ్య పాటను చూసింది మూడు వందల మంది. ఆయన పాటను నాలుగు లక్షల మంది చూశారు.

ఒక పెళ్లిలో ఎవరో పెద్దమనిషి, "ఆ ప్రొద్దుటూరాయన పాట నువ్వూ బాగా పాడతావంటనే" అని మునెయ్యను మెచ్చుకున్నాడు. ఆ పూట మునెయ్యకు అన్నం సయించలేదు.

మర్నాడే కడపకు పోయి వకీలును కలిశాడు. వకీలు ఒక కాగితం టైపు చేయించి ఇచ్చాడు. 'ఈ పాట మాటలు, వరస పూర్తిగా నా సొంతం. ఇందులో మరెవరికీ భాగం లేదు.' కింద సాక్షి సంతకం కావాలి. మీ గురువుదైతే గట్టిగా నిలబడుతుందన్నాడు.

మునెయ్య ఆ కాగితంతో బస్సెక్కి అవ్వ ఊరికి పోయేసరికి ఓబులమ్మవ్వ కళ్లద్దాలు వెతుక్కుంటోంది. అవి ఆమె మెడలోనే దారానికి వేలాడుతున్నాయి. మునెయ్య చూపించాడు.

"ఈ మధ్య అన్నీ ఇట్లనే" అని అద్దాలు పెట్టుకుని కాగితం రెండుసార్లు చదివింది. "ఏదీ, ఆ పాట పాడు. వినకుండా సంతకం ఎట్ల పెట్టేది?"

"నువ్వు విన్నదే కదవ్వా."

"మరిచిపోయినా."

మునెయ్య గొంతు సవరించుకుని ఎత్తుకున్నాడు. రెండో చరణం వచ్చింది.

"పోగు పోగు కలుపుకోరా పొద్దు వా... లకముందె..."

అవ్వ వేలు పైకెత్తింది. "ఆడ ఎందుకు ఆగినావు?"

"పాత తత్వం వరసలోనే కట్టినా కదవ్వా, అది అంతే. నువ్వు నేర్పిందే. ఆ విరుపులోనే ఉంది అందమంతా."

"అందమా!" అవ్వ పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నాకు తత్వాలు నేర్పిన మా ఖాసీం స్వామికి ఉబ్బసం రా. ఆ చోటికొచ్చేసరికి ఊపిరి చాలేది కాదు. ఆగి, పీల్చుకొని, మళ్లీ ఎత్తుకుంటాండె. నేను పదేండ్లదాన్ని, నాకేం తెలుసు? అదీ వరసే అనుకొని నేర్చుకున్నా. నీకూ అదే నేర్పినా."

ఆ విరుపు మహత్తు గురించి మునెయ్య ఊళ్లో ముగ్గురికి పాఠం కూడా చెప్పి ఉన్నాడు.

"ఆ దొంగోడిది పెట్టు."

మునెయ్య ఫోన్లో పెట్టాడు. హార్మోనియం, డప్పులు, మెరుపుల చొక్కా. రెండో చరణం దగ్గర పడుతుండగానే అవ్వ వేలు పైకెత్తి ఉంచింది.

"పొద్దు వా..." అని ఫోన్లో మనిషి ఆగాడు. గాలి పీల్చుకున్నాడు. "...లకముందె."

అవ్వ వేలు దించింది.

"మళ్లీ పెట్టు" అంది. మళ్లీ విన్నది. "స్వామి మొహం గుర్తుకు రావడం లేదురా నాకు. ఎంత తలుచుకున్నా రాదు. ఊపిరి మాత్రం ఇదిగో, వినబడుతుంది."

తర్వాత కలం మూత తీసింది. "సంతకం ఎక్కడ పెట్టాలో చూపించు."

మునెయ్య వేలు కాగితం మీద కిందికి దిగుతూ దిగుతూ, 'మరెవరికీ భాగం లేదు' దగ్గర ఆగిపోయింది. కాగితం మడిచాడు.

"మాటలు మాత్రం నావే కదవ్వా."

"నీవే. ఆ మాటొక్కటే రాయించుకొని రా, పెడతా."

గడప దాటబోతుంటే అవ్వ వెనకనుంచి అంది: "పేరు నువ్వు చివర పెట్టుకున్నావు, కోసుకుపోయినాడు. స్వామి యాడా పెట్టుకోలేదు. ఆ దొంగోడు కోయలేకపోయినాడు."

బస్సులో మునెయ్య ఆ చరణాన్ని ఒక్క ఊపిరిలో అనుకుని చూశాడు. అతనికి ఉబ్బసం లేదు. అయినా 'వా' దగ్గర ఆగాడు.