కాకయ్య చందా, గిజిగాడి గూడు

అనగనగా అనుకుందాం. నమ్మేవాళ్ళు ఊఁ కొట్టండి. నమ్మనివాళ్ళు ఇంకాస్త గట్టిగా ఊఁ కొట్టండి, ఎందుకంటే ఈ కథ నమ్మనివాళ్ళ పక్షం.

ఒక జొన్నచేను. చేను నడుమ ఒక పాత మోటబావి. బావి గట్టు మీదికి వంగి ఒక ఈతచెట్టు. ఆ చెట్టు మట్టల కొసలకు గిజిగాళ్ళ గూళ్ళు వేలాడుతూ ఉండేవి. గాలి వీస్తే ఊగేవి గాని ఊడేవి కావు.

గిజిగాళ్ళకు ఒక ఆచారం ఉంది. మగపిట్ట గూడు అల్లుతాడు. ఆడపిట్ట వచ్చి పరీక్షిస్తుంది. ముక్కుతో పోగులు లాగి చూస్తుంది. లోపలికి దూరి చూస్తుంది, మళ్ళీ బయటికి వచ్చి చూస్తుంది. నచ్చితే కాపురం. నచ్చకపోతే అయ్యగారు మళ్ళీ మొదటి పోగు నుంచి అల్లుకోవలసిందే. ఆడపిట్ట ఒప్పుకుని గుడ్డు పెట్టిందా, ఆనాటి నుంచి ఆ గూడు ఆమెదే. నచ్చని గూళ్ళు మాత్రం అల్లినవాడికే మిగులుతాయి.

ఆ చెట్టు మీద పసిడితల అనే గిజిగాడు ఉండేవాడు. మంచి పనివాడే, కాకపోతే కాస్త తొందర ఎక్కువ. అతని గూడు చూడవచ్చిన ఆడపిట్ట ప్రతిదానికీ "ఇందులో తిరకాసు ఏమిటి?" అని అడిగేది. అందుకని చెట్టంతా ఆమెకు తిరకాసమ్మ అని పేరు పెట్టింది.

తిరకాసమ్మ పసిడితల అల్లిన మొదటి గూడు లాగి చూసి, "ముడి వదులు" అంది. రెండో గూట్లోకి దూరింది. చాలాసేపటికి ఈకలన్నీ రేగిపోయి బయటపడింది.

"దూరడానికి బాగానే ఉందయ్యా, రావడానికే ప్రాణం పోయింది. లోపలికే గాని బయటికి దారి లేనిది ఇల్లెలా అవుతుంది? అది బోను" అంది.

మూడో గూటిని లాగింది, దూరింది, సుఖంగా బయటికి వచ్చింది. "ఇదీ ఇల్లంటే" అంది. అందులో మూడు గుడ్లు పెట్టి పొదగసాగింది. ఆకాశంలో అప్పుడప్పుడే మబ్బులు కూడుతున్నాయి. వాన దిగేనాటికి ఆ గుడ్లు పిల్లలు కావాలి, గూడు వాటిని కాయాలి. ఆమెకు ఉన్న ధ్యాస అదొక్కటే.

అలాంటి రోజుల్లో చెట్టు మీదికి కాటుకయ్య అనే కాకి వచ్చాడు. ముక్కున మెరిసే సెల్‌ఫోను. చేనిగట్టున వనభోజనాలకు వచ్చినవాళ్ళు మరచిపోయారట. ఛార్జింగు మాటేమిటని అడగకండి. కథల్లో ఫోనుకు ఛార్జింగు దిగదు. అందుకే కథలు మనకు అంత ఇష్టం.

కాటుకయ్య ఫోనును మట్టల మధ్య నిలబెట్టి తేనెలొలికే గొంతుతో అన్నాడు:

"తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! ఇందులో గింజలాట ఉంది. ఒకే రకం గింజలు మూడు ఒక వరసలో పేరిస్తే టప్పున పేలుతాయి. మూడు పొద్దులు ఉచితం. నచ్చితే ఆపైన పొద్దుకొక్క పోగు చందా. మీరు తెచ్చి ఇవ్వనక్కరలేదు, నేనే వచ్చి మీ గూటి నుంచి లాక్కుంటాను. మీ ఆటకు అడ్డు రాను. ఈ పచ్చచుక్క మీద ముక్కుతో ఒక్క పోటు పొడవండి, చాలు!"

ఉచితం! ఆ మాట వింటే చాలు, నాకు ముక్కు దురద పెడుతుంది. తిరకాసమ్మకూ అలాగే పెట్టినట్టుంది. గూట్లోంచి తల బయటపెట్టింది.

"కాకయ్యా, నీ గూడు పుల్లలతో కట్టింది గదా. మా గడ్డిపోగులు నీకెందుకు?"

"పిల్లల కింద మెత్తగా పరుద్దామని, అక్కయ్యా."

"గూట్లో ఏ మూల నుంచి లాగుతావు?"

"వేల పోగుల్లో ఒక్కటి. ఏ మూలదైతేనేం?"

"సరే. మానుకోవాలనుకుంటే ఎలా మానాలి?"

కాటుకయ్య కావుకావుమని నవ్వాడు. "దూరకముందే బయటికి రావడం గురించి అడుగుతారా ఎవరైనా? శుభమా అని ఆట మొదలెడుతుంటే అపశకునం మాటలెందుకు, అక్కయ్యా!"

పిట్టలన్నీ నవ్వాయి. తిరకాసమ్మ మాత్రం పచ్చచుక్కను పొడవలేదు. "అడిగినదానికి జవాబు చెప్పనివాడి దగ్గర ఆవగింజంత కూడా తీసుకోకూడదు" అని తన గుడ్ల మీద కూర్చుంది.

మిగతా పిట్టలు ఒకటొకటిగా వెళ్ళి పొడిచాయి. పసిడితల కూడా చూసి వస్తానని వెళ్ళాడు. చూశాడు. ఒక్కసారి పొడిచాడు. టప్పున మూడు గింజలు పేలాయి. ఇక అంతే. మేత తెస్తానని వెళ్ళినవాడు ఉత్త ముక్కుతో తిరిగి వచ్చేవాడు.

"మేతేదయ్యా?" అంటే, "ఈ ఏడు చేనులో గింజ పట్టలేదే" అనేవాడు. తెరమీద గింజలకు మాత్రం కరువు లేదు.

మూడు పొద్దులు గడిచాయి. చందా మొదలైన వారానికి పక్కమట్ట గూడు గట్టు మీద పడింది. అందులోని గుడ్లు మాయమయ్యాయి. కాటుకయ్య గట్టు మీదే ఉన్నాడు. "అయ్యో పాపం, గాలికి పడిపోయిందే!" అంటూ ముక్కు రాయికేసి తుడుచుకున్నాడు.

గాలి లేదు. తిరకాసమ్మ ఆ సంగతి గమనించింది. వెంటనే తన గూటి మెడ దగ్గర, మట్టకు కట్టిన చోట ముడి లాగి చూసింది. ముడి కదిలింది! గూడంతటి బరువునూ మోసే ముడి అది. దాని నుంచే ఎవరో ఒక్కొక్క పోగూ లాగుతున్నారు.

"ఏమయ్యా, నిజం చెప్పు. పొడిచావా?"

పసిడితల తలవంచుకున్నాడు. "ఒక్క పోగే గదా అనుకున్నానే. తప్పయిపోయింది. ఇప్పుడే వెళ్ళి మానేస్తాను."

వెళ్ళాడు. కాటుకయ్య ఎంతో మర్యాదగా, "మానడానికేం తమ్ముడూ! ఆ తాటిచెట్టు మీద గుడ్లగూబ గారుంటారు. వారితో ఒక్క మాట చెబితే సరి" అన్నాడు. పగలు వెళితే గుడ్లగూబ గుర్రుపెట్టి నిద్రపోతోంది. రాత్రి అది లేచేసరికి పసిడితలకు కళ్ళు కనబడవు.

రెండోసారి ఫోనులోనే వెతికాడు. అట్టడుగున ఎక్కడో ఎర్రచుక్క దొరికింది. పొడిచాడు. "అయ్యో, నిజంగా వెళ్ళిపోతారా? మీ కోసం కొత్త పురుగులాట, మూడు పొద్దులు ఉచితం!" అంటూ తెరమీద పచ్చపురుగులు పాకాయి. పాపం, పిట్టబుద్ధి. పురుగు కనబడితే పొడవకుండా ఉంటుందా? పొడిచాడు. పొద్దుకు రెండు పోగులయ్యాయి.

మూడోసారి కాళ్ళావేళ్ళా పడ్డాడు. కాటుకయ్య, "ఇవాళ్టి పోగు లాగేశాను, రేపటిది రాసుకున్నాను. వానాకాలం వెళ్ళాక రా, చూద్దాం" అని రెక్క విదిల్చాడు.

పసిడితల ఏడుస్తూ తిరిగివచ్చాడు. పడమట ఉరిమింది. గూడు ఒక పక్కకు ఒరిగింది. లోపల గుడ్లు దొర్లి ఒకదానికొకటి తగిలాయి.

"ఏడవకు. గడ్డి తెచ్చి ముడి బిగించు. కాకి సంగతి నేను చూస్తాను" అంది తిరకాసమ్మ.

తెల్లవారింది. కాటుకయ్య చందాకు వచ్చాడు. తిరకాసమ్మ గూటి గుమ్మంలో నిలబడి, చెట్టంతా వినేలా అడిగింది:

"ఆగు కాకయ్యా. పచ్చచుక్క పొడిచింది ఎవరు?"

"మీ ఆయన."

"గూడు ఎవరిది?"

చుట్టూ ఉన్న పిట్టలే జవాబు చెప్పాయి: "గుడ్డు పెట్టినామెది! మన ఆచారం అదే!"

"విన్నావుగా. నేను పొడవలేదు, నా గూటి మీద నీకు హక్కు లేదు. మా ఆయన సొత్తు అదిగో, ఆ రెండు గూళ్ళు. నేను వద్దన్నవి. నీ చందా వాటి నుంచి లాక్కో. కాకపోతే ఒక్క మాట. ఆ రెండో గూటి పైపోగులే తీసుకో. లోపలికి మాత్రం తొంగి చూడకు."

కాటుకయ్య కన్ను చికిలించాడు. తొంగి చూడొద్దంటోంది, ఎందుకని? గూడు ఒరిగిందని ఈ గడుసుది గుడ్లను అందులోకి మార్చి ఉంటుంది! ఒకరి గుడ్లు తిన్న నోరు ఊరుకుంటుందా? ఎగిరి వెళ్ళి రెండో గూటి గొట్టంలోకి తల దూర్చాడు. గుడ్లు కనబడలేదు. ఇంకాస్త దూర్చాడు. మెడ దాకా దూరింది.

దూరడం తేలికే. తిరకాసమ్మ ఆనాడే చెప్పింది గదా.

వెనక్కి లాగాడు. రాలేదు. లాగినకొద్దీ అల్లిక మెడకు బిగిసింది. ఎరక్కపోయి వచ్చి ఇరుక్కుపోయాడు. రెక్కలు టపటపలాడించాడు, తోక అటూ ఇటూ ఊపాడు. చెట్టంతా కిచకిచమని నవ్వింది. గుడ్లు పోగొట్టుకున్న పక్కమట్ట పిట్ట మాత్రం నవ్వలేదు. అతని వంకే చూస్తూ కూర్చుంది.

"అక్కయ్యా! బయటికి రావడం ఎలా?" గూట్లోంచి గొంతు వినిపించింది.

"దూరకముందే అడగవలసిన మాట గదా కాకయ్యా అది! నువ్వు నవ్వావు. సరే, చెబుతాను. ముందు నువ్వు చెప్పు. నీ ఆట మానడం ఎలా?"

కాటుకయ్య కాసేపు బెట్టు చేశాడు. చినుకులు మొదలయ్యాయి. గొట్టంలో ఊపిరి ఆడలేదు.

"మానే దారి లేదు! ఎర్రచుక్క ఉత్తుత్తిదే, గుడ్లగూబకు ఏమీ తెలియదు! ముడి పోగులు లాగితే గూళ్ళు రాలతాయని, గుడ్లు తినొచ్చని వచ్చాను!"

పక్కమట్ట పిట్ట లేచింది. ఫోను దగ్గరికి వెళ్ళింది. తెరమీద గింజలు ఇంకా మెరుస్తూనే ఉన్నాయి. ముక్కుతో ఒక్క తోపు తోసింది. ఫోను దబ్బుమని బావిలో పడింది. లోపల్నుంచి "నిజంగా వెళ్ళిపోతారా?" అన్న మాట వినిపించింది. తరువాత బుడగలు వచ్చాయి.

పిట్టలన్నీ వచ్చి కాటుకయ్య మెడకు బిగిసిన చుట్టు ఒక్కటి వదిలి, మిగతా అల్లికను ఒక్కొక్క పోగు చొప్పున లాగాయి. ఆఖరి పోగు ఊడగానే అతను జారి, మెడలో గడ్డిదండతో ఎగిరిపోయాడు. ఆ దండ ఊడేదాకా ఏ చెట్టూ అతన్ని వాలనివ్వలేదని చెబుతారు.

లాగిన పోగులను పిట్టలు పారేయలేదు. పసిడితల వాటితో ముందు తన ముడి బిగించాడు, తరువాత పక్కమట్ట పిట్టకు కొత్త గూడు అల్లిపెట్టాడు. ఆనాటి వానకు చెట్టు ఊగింది, మట్టలు ఊగాయి, గూళ్ళు ఊగాయి. ఒక్కటీ ఊడలేదు. వాన వెలిశాక తిరకాసమ్మ గూట్లోంచి మూడు ఎర్రటి నోళ్ళు మేత కోసం తెరుచుకున్నాయి.

పసిడితల జొన్నగింజ తెచ్చాడు. మొదటి పిల్లకు పెట్టబోతే తిరకాసమ్మ అడ్డుపడి, గింజను అటూ ఇటూ తిప్పి చూసి, అప్పుడు పెట్టనిచ్చింది.

కథ చెట్టు దిగి వెళ్ళిపోయింది. దాని నీతి మాత్రం మీ ఇంటి గుమ్మంలో కూర్చుంది: లోపలికి రమ్మని పిలిచేవాడిని, బయటికి వెళ్ళే దారి ముందే అడగాలి, చూపించకపోతే గుమ్మం తొక్కకూడదు.