తవిటయ్య తెల్లకాగితం

ఊకొట్టేవాళ్లు ముందుకు జరగండి, నిద్రొచ్చేవాళ్లు గోడకి చేరబడండి. ఏటి మీద వంతెన లేనప్పటి మాట ఇది. అవతలి ఒడ్డున పెళ్లయితే, పడవొచ్చాకే ఇవతలి ఒడ్డుకి తెలిసే రోజుల మాట.

ఏటికి ఇవతల ఊళ్లో సూరన్న అనే నేతగాడు ఉండేవాడు. చేయి మంచిది, నోరు తక్కువ. అతనికి ఒక్కతే కూతురు, దమయంతి. ఆ పిల్లకి నోరూ ఎక్కువే, ప్రశ్నలూ ఎక్కువే. మగ్గం ఎందుకు గుంటలో ఉంటుంది, చేపకి దాహమేస్తుందా, ఏదైనా అడిగేది. సూరన్న ఓపిగ్గా చెప్పేవాడు. ఒక్క మాట మాత్రం అడగ్గూడదు.

"అయ్యా, తాత ఎలాంటోడు?"

అంతే, మగ్గం చప్పుడు పెరిగేది.

ఒకనాడు ఆ వీధిలోకి గాజులమ్మే ఆవిడ వచ్చింది. పేరు అసిరమ్మ. అవతలి ఒడ్డు మనిషి, ఈ ఊరికి రావడం అదే మొదలు. దమయంతి చేతికి గాజులు ఎక్కిస్తూ, ఎవరి పిల్లవమ్మా అంది.

"సూరన్న కూతుర్ని. తవిటయ్య మనవరాల్ని."

అసిరమ్మ చేతిలో గాజు ఆగిపోయింది. "ఏ తవిటయ్య? పత్రిక తవిటయ్యా?"

"ఏమో. పత్రిక అచ్చేసేవాడట. అంతే తెలుసు."

అసిరమ్మ గాజుల మలారం పక్కన పెట్టింది. లేచి నిలబడి, అంత చిన్న పిల్లకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. దమయంతి కంగారు పడిపోయింది.

అడిగితే పోయేదేముంది? అడిగింది.

అసిరమ్మ చెప్పింది. "మా అమ్మకి పదహారో ఏట మొగుడు పోయాడమ్మా. గాజులు చితక్కొట్టి మూల కూర్చోబెట్టారు. అప్పుడు మీ తాత 'ఊరిమాట' అని ఒక్క కాయితం పత్రిక అచ్చేసేవాడు. మా ఊళ్లో చదువొచ్చినోడు ఎవడున్నాడని? ఆయనే అచ్చేసి, ఆయనే మోసుకొచ్చి, ఆయనే చదివి వినిపించేవాడు. ఈ పిల్లకి మళ్లీ పెళ్లి చేస్తే ఏ ఏరు పొంగుతుంది, ఏ కొండ కూలుతుంది అని రాశాడు. మొదటి సంతలో చదివితే పేడముద్దలు వేశారు. రెండో సంతలో చదివితే తలొంచుకుని విన్నారు. మూడో సంతలో ఒకడు లేచి, నేను చేసుకుంటానన్నాడు. ఆయనే మా నాన్న."

పెట్టాల్సిన గాజులన్నీ పెట్టి, పైన ఇంకో జత పెట్టి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం దమయంతి తండ్రికి ఇదంతా చెప్పింది. సూరన్న విన్నాడు. ఈసారి మగ్గం ఆపాడు.

"ఊళ్లో ఆడపిల్లకి గాజులు వేయించాడు, మంచిదే. మగ్గం అమ్మి అచ్చు యంత్రం కొన్నాడు. మా అమ్మ వాళ్ల ఇంటా వీళ్ల ఇంటా నూలు కండెలు చుట్టి నన్ను పెంచింది. కాయితం నమిలితే కడుపు నిండుతుందేటే?"

దమయంతికి తండ్రి మాటా నిజమనిపించింది, అసిరమ్మ మాటా నిజమనిపించింది. రెండు నిజాలు మోస్తే నిద్ర పట్టదు కదా. తెల్లారగానే చద్దిమూట కట్టుకుని రేవుకి నడిచింది.

రేవులో ముసలి పడవవాడు జోగులు ఉన్నాడు. నలభై ఏళ్లుగా అదే పడవ, అదే గెడ. పడవెక్కి, తవిటయ్య ఎన్నిసార్లు ఏరు దాటాడో ఈయనకి తెలియదా అనుకుంది. అడిగితే పోయేదేముంది? అడిగింది.

జోగులు గెడ ఆపి, పడవని నీటి వాలుకి వదిలాడు. "ఇక్కడే, తల్లీ. సరిగ్గా ఈ మడుగులోనే."

"ఏం జరిగింది, తాతా?"

"ఆ ఏడు గత్తర తిరిగింది. వాంతులు, విరేచనాలు. పొద్దున ఉన్నోడు మాపటికి లేడు. గోరింటపేట దొర దివాణంలో తియ్యటి నీళ్ల నుయ్యి ఉంది, దానికి తాళం. పేదోళ్లంతా కాలవలో మురికినీళ్లే తాగారు. మీ తాత ఊరుకుంటాడా? తాళం తియ్యండి అని 'ఊరిమాట'లో అచ్చేశాడు. దివాణం మనుషులొచ్చి యంత్రం విరగ్గొట్టారు. సీసం అక్షరాలన్నీ బుట్టల్లో ఎత్తి, నా పడవే ఎక్కి, ఇక్కడ పారబోశారు. గెడ నా చేతిలోనే ఉంది. నేనేం చెయ్యగలను?"

"మరి తాత?"

"వచ్చాడు. పంచె బిగించి మునిగాడు, తేలాడు, మళ్లీ మునిగాడు. గుప్పెడంటే గుప్పెడు దొరికాయి. మిగతావి ఇసకలో దిగిపోయాయి. నేను ఏడిచాను గానీ ఆయన ఏడవలేదు. ఒడ్డున కూచుని తల తుడుచుకుంటూ, 'ఒరే జోగీ, ఏరు అక్షరాల్ని మింగింది, నా గొంతుని మింగలేదు కదరా' అన్నాడు. నేరుగా గోరింటపేట సంతకి పోయాడు. అక్కడేం జరిగిందో నాకంటే పైడమ్మ బాగా చెబుతుంది. సంత మొదట్లో కుండలమ్ముతుంది, పో."

దమయంతి సంతకి పోయింది. కుండల మధ్య పండు ముసలి పైడమ్మ కూర్చుని ఉంది. ఫలానా అని చెప్పగానే మనవరాల్ని దగ్గరికి లాక్కుని, బుగ్గలు పుణికి, ముక్కు అచ్చం ఆయనదే అంది. అడిగితే పోయేదేముంది? అడక్కుండానే మొదలుపెట్టింది పైడమ్మ.

"నేను అప్పుడు చంటిపిల్ల తల్లిని. సంత నిండా జనం. మీ తాత బండి మీదకెక్కి కాయితం విప్పాడు. యంత్రం పోయింది కదా, ఇది ఎక్కడ అచ్చేశాడబ్బా అనుకున్నాం. గొంతెత్తి చదివాడు. ఏ వీధిలో ఎవరు పోయారో చదివాడు. ఏ తల్లికి ఎవరు పోయారో చదివాడు. చివర్లో, దివాణం నూతికి తాళముంది, ఆ తాళం చెవికి దాహమెయ్యదు, మనకేస్తుంది అని చదివాడు. సంతంతా గొల్లుమంది. దివాణం మనుషులొచ్చి, కాయితంతో సహా పట్టుకుని ఠాణాకి ఈడ్చుకుపోయారు. మేమంతా వెనకే పోయాం."

"అక్కడ కొట్టారా?"

"కొట్టడానికి ముందు సాక్ష్యం కావాలి కదా. 'దొరగారి మీద అబద్ధాలు రాశాడు, ఇదిగో కాయితం' అని జమేదారుకి ఇచ్చారు. జమేదారు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, ఎండకేసి పట్టాడు. ఏముంది? ఏమీ లేదు. తెల్లకాయితం."

దమయంతి నోరు తెరిచేసింది.

"మాకు చదువు రాదు, పట్టుకున్నోళ్లకీ రాదు. అందులో అక్షరం లేదని ఒక్కడికీ తెలీలేదు! 'మరి ఏం చదివావయ్యా?' అన్నాడు జమేదారు. 'అందరికీ తెలిసిందే చదివానండి, దానికి అచ్చెందుకు?' అన్నాడు మీ తాత. జమేదారు మీసం చాటున నవ్వి, తెల్లకాయితం మీద నేనేం కేసు రాయనురా, పొండి అన్నాడు."

నవ్వులు నవ్వులుగా ఆ కథ మధ్యాహ్నానికి ఊళ్లన్నీ తిరిగింది. సాయంత్రానికి దివాణం లోపలికీ పోయింది. దొర తల్లి, మంచం దిగలేని ముసలావిడ, దాసీ నోట విన్నది. కొడుకుని పిలిచింది. "నా మామగారు పదిమంది కోసం తవ్వించిన నూతికి తాళమేశావా? ఆ చెవి ఇలా ఇయ్యి" అంది. దొరకి తల్లి మాట దాటే ధైర్యం లేదు. పొద్దున్నే తలుపులు తెరుచుకున్నాయి. పైడమ్మ మొదటి కడవ ముంచింది. ఒడిలో పిల్ల బతికింది.

"తరవాత తాత ఇంటికి ఎందుకు రాలేదు?"

పైడమ్మ మెల్లగా చెప్పింది. "పక్క ఊళ్లకి పోయాడమ్మా, నీళ్లు కాచుకుని తాగండని చెప్పడానికి. మూడో ఊరు మా పుట్టిల్లు, నేనక్కడ ఉండగానే గత్తర ఆయన్నీ పట్టుకుంది. మీ నాన్నని ఒకసారి తీసుకురా. ఆయనకి చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గరుండిపోయింది."

సూరన్న రానన్నాడు. నాకేం పని అన్నాడు. దమయంతి సంత రోజున కుండలో నీళ్లు, మూటలో చద్ది సర్ది గుమ్మంలో కూర్చుంది. అలా రెండు వారాలు కూర్చుంది. మూడో వారం సూరన్న తలపాగా చుట్టుకున్నాడు.

సంతలో అతన్ని చూసి జనం దారిచ్చారు. పైడమ్మ చాప పరిచింది. సూరన్న కూర్చున్నాడు, పక్కనున్న కుండని చేత్తో తడిమాడు. చివరికి అడిగాడు.

"చివర్లో మమ్మల్ని తలుచుకున్నాడా?"

"మిమ్మల్నే తలుచుకున్నాడు, బాబూ. తల నా ఒళ్లోనే పెట్టుకున్నాడు. 'మా సూరిగాణ్ణి ఎవరి మగ్గం గుంటలో కూర్చోబెడతారో ఏమో, ఆడి కాళ్లు తొక్కుడుకర్రలకి అందుతాయో లేదో' అన్నాడు. అదే ఆఖరి మాట."

సూరన్న తన కాళ్ల వైపు చూసుకున్నాడు. "అందలేదు," అన్నాడు. "రెండేళ్లు అందలేదు. అమ్మ ఆ కర్రల మీద చెక్కముక్కలు కట్టేది." అని నవ్వాడు. నవ్వుతూనే తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. కాసేపటికి, "ఆకలి ఆకలే, అది మరిచిపోను. కానీ అయ్య మంచోడే," అన్నాడు. దమయంతికి అది చాలు. తిరుగు పడవలో సూరన్న నోరు ఆగితే ఒట్టు. ఏరు దాటేదాకా తవిటయ్య కబుర్లే.

ఇప్పుడు ఆ ఏటికి వంతెన వచ్చింది. గోరింటపేట సంత మాత్రం అలాగే జరుగుతోంది. మొదటి బేరం కాకముందు అక్కడి పెద్ద ఎవరో ఒకరు తెల్లకాగితం పైకెత్తి పట్టుకుంటారు. కష్టమున్న మనిషి, ఆడైనా మగైనా, వచ్చి ఆ కాగితం అందుకోవచ్చు. అది చేతిలో ఉన్నంతసేపు ఎంత గొప్పవాడూ మధ్యలో మాట్లాడకూడదు. చెప్పడం అయ్యాకే తక్కెళ్లు లేస్తాయి.

ఆ చుట్టుపక్కల ఎవడైనా బొంకితే, దేవుడి మీద ఒట్టెయ్యమని అడగరు. "తవిటయ్య కాయితం పట్టుకుని చెప్పు," అంటారు. చాలామంది అక్కడితో నోరు మూసుకుంటారు.