దొరగారి పెరటి బీరకాయ

వెనకటికి పెద్దినాయుడనే దొర, కూరలమ్మే సింగమ్మని కచేరీకి ఈడ్పించాడు. "తట్ట బీరకాయలకి రూపాయా? పట్టపగలు దోపిడీ! నా పెరట్లో ఊరికే కాస్తున్నాయి. నేటితో నీ అంగడి ఎత్తేయ్!"

"ఊరికే కాసేవైతే తట్ట అర్ధరూపాయికి నాకే ఇప్పించండి దొరా. ఏడాదంతా కొంటాను."

"ఇచ్చాం పో!" అన్నాడు దొర నిండు సభలో.

దివాను మొహం పాలిపోయింది. "కొంప మునిగింది ప్రభూ! నలుగురు తోటమాలులు, మోటకి ఎడ్లు, కాపలాకి తుపాకీ జవాను... మనకి తట్ట పన్నెండు రూపాయలు పడుతోంది!"

దొర సింగమ్మ వైపు తిరిగాడు. "మరి నీకెలా గిట్టుతోందే?" అన్నాడు.

"అంట్లు తోమిన నీళ్లు నేనే పోస్తాను, కాపలా నేనే కాస్తాను. జీతమడిగేవాళ్లు లేరు దొరా. రేపు అర్ధరూపాయితో తట్ట పట్టుకు రమ్మంటారా, అంగడి తెరుచుకోమంటారా?"