గేదె చాటున దివాను

వేసవిలో కొంగల మడుగు చూడాలని దివాను ముచ్చటపడ్డాడు. తాను వచ్చి వెళ్ళేదాకా గట్టు మీద ఎవరూ కనిపించకూడదని చాటింపు వేయించాడు. గేదెలు కాసే సింహాద్రమ్మకు దిగులు పట్టుకుంది. ఆ ఎండల్లో వాటికి మడుగు నీళ్ళే దిక్కు.

పల్లకీ ముందు డప్పులు మోగగానే కొంగలన్నీ లేచిపోయాయి. కొంగలేవని దివాను, రోజూ ఆ గట్టున తిరిగే సింహాద్రమ్మను పిలిపించి గద్దించాడు.

"తమరి చాటింపు విని మేం తప్పుకున్నాం. డప్పులు విని అవీ తప్పుకున్నాయి బాబయ్యా," అంది సింహాద్రమ్మ. "మా గేదెలకైతే బెదరవు. గేదె చాటున నడిస్తే గూళ్ళదాకా పోవచ్చు."

సాయంత్రం గేదెలు మడుగులో దిగాక కొంగలు తిరిగొచ్చాయి. దివాను చెప్పులు విడిచి, గేదె చాటున వంగి నడిచి, కొంగపిల్లల్ని కళ్ళారా చూశాడు.

మర్నాడే చాటింపు మారింది. గట్టు మీదికి ఎవరైనా రావచ్చు, చప్పుడు మాత్రం చేయకూడదు. ఆ సంగతి చాటింపువాడు డప్పు లేకుండా ఇంటింటికీ వెళ్ళి మెల్లగా చెప్పాడు.