ఆముదం లేని రథాలు

ఒకానొక రాజ్యాన్ని రణకేసరి అనే రాజు ఏలేవాడు. ఏలడమంటే ఏముంది, అనుమానపడటమే! వంటవాడు నవ్వితే అనుమానం, నవ్వకపోతే ఇంకా అనుమానం.

ఒకనాడు ఆయన కన్ను సర్కారు రథశాల మీద పడింది. రథాలు అవే నలభై. కిందటేడు ఇరుసులకు పది కుండల ఆముదం సరిపోయింది, ఈ ఏడు ముప్ఫై పట్టింది.

"రథాలు పెరగలేదు, మరి ఆముదం ఎవడు మింగాడు?" అంటూ ఇరుసులకు ఆముదం పోసే ఓబులును చెరలో వేయించాడు. పది రోజుల్లో నేరం ఒప్పుకోకపోతే చెయ్యి నరికిస్తానన్నాడు.

ఓబులు పెళ్లాం ఏడుస్తూ వెళ్లి ఆస్థానంలో మాటకారి మాచన కాళ్ల మీద పడింది.

మాచన రాజు దగ్గరికి వెళ్లాడు. "ప్రభూ, ఆ ఓబులుకు తోడుదొంగలెందరున్నారో! ఈ పది రోజులూ ఏ ఇరుసుకూ చుక్క పోయనివ్వకండి. గుట్టంతా బయటపడుతుంది."

తోడుదొంగలనే మాట రాజుకు తెగ నచ్చింది. సరేనన్నాడు.

మూడో రోజుకల్లా రథాలు కీచుమని అరవసాగాయి. చప్పుడికి జనం వీధుల్లోకొచ్చి చూస్తే, మంత్రిగారి రథం కోడిపందేలకు పోతోంది! సేనాపతి రథం బావమరిది చెరకు మోస్తోంది! సిగ్గుతో ఇద్దరూ రథాలు మాని నడక మొదలుపెట్టారు.

"చూశావా మాచనా, అందరూ దొంగలే!" అని రాజు మురిసిపోయాడు.

"అన్ని తిరుగుళ్లు తిరిగితే ఆముదం పట్టదా ప్రభూ? ఓబులును వదిలెయ్యండి."

"వాడు మాత్రం దొంగ కాడని నమ్మకమేమిటి?"

మర్నాడు కోటగోడ తనిఖీ అని చెప్పి రాజు తన రథమెక్కాడు. అదీ కీచుమంటూనే పోయి పేరమ్మ బూరెల అంగడి ముందు ఆగింది. వైద్యుడు తీపి మానమని చెప్పి ఏడాదైంది మరి! తలెత్తి చూస్తే, ఆ కీచుకు కోట మేడ మీదికొచ్చి చూస్తున్న రాణిగారు! రాజు బూరె ముట్టకుండానే వెనక్కి తిరిగాడు.

"మాచనా, నా ఒక్క రథానికి గుట్టుగా ఆముదం పోయించవయ్యా!"

"చిత్తం. ఎవరితో పోయించమంటారు? పేరమ్మ అంగడి ముందు ఒలికి చక్రాలకంటిన బెల్లంపాకం చూస్తే ఎవడికైనా సంగతి తెలిసిపోతుంది. ఓబులు ఏడాదిగా ఆ పాకం కడుగుతున్నాడు. చెయ్యి పోతుందన్నా నోరు విప్పలేదు."

రాజు పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు. ఓబులును ఆ క్షణమే విడిపించి రథశాలకు పెద్దను చేశాడు. మాచనకు తన వేలి ఉంగరం తీసి ఇచ్చాడు.

మాచన దండం పెట్టి పుచ్చుకుని, అసలు బంగారమేనా అని రాజు ఎదుటే దాన్ని పంటితో కొరికి చూసుకున్నాడు.